అరతులమును గువ్వల జతయు

చదువుకొనవలసిన వాక్యభాగములు: నిర్గమకాండము 30:11–16; లేవీయకాండము 12:6–8; లూకా 2:22–28; మార్కు 10:13–16



గత యేడు వేసవిలో ఒక రాత్రి మన సంఘస్థుడైన ఒక తాపీ మేస్త్రి మా యింటి అరుగుమీదికి వచ్చి కూర్చుండెను. ఆయనకు ఐదేండ్లు నిండవచ్చిన కుమార్తె కలదు. పట్టణములోని ఒక ప్రైవేటు బడిలో చట్టప్రకారము పేదపిల్లలకు ఉంచబడు ఉచిత సీటుకు ఆ బిడ్డ పేరు పెట్టవలెనని ఆయన కోరిక. అందుకు ఆదాయ ధృవపత్రము కావలెను. ఆయన సంపాదనయో, ప్రభుత్వము గీచిన గీతకు కొంచెము పైగా నుండెను.

“అయ్యగారూ, పని దొరకిన నెలలను లెక్కపెట్టుచున్నారు గాని, వానలు పడి యింట కూర్చున్న నెలలను ఎవరు లెక్కపెట్టుదురు? మీరొక మాట చెప్పినయెడల ఆఫీసువారు నమ్ముదురు. కొంచెము తక్కువగా వ్రాయించుకొందును” అనెను.

“నాయనా, లేని మాట మేము చెప్పలేము” అంటిమి. ఆయన మరేమియు అనక, తువ్వాలు భుజమున వేసికొని వెళ్లిపోయెను.

మేము చెప్పినది సరియైన మాటయే. ఐనను ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. అబద్ధమాడకూడదను ఆజ్ఞ మాకు తెలియును. కాని ఆ గీత సంగతి ఏమి? బొమ్మలు చూచి అక్షరములు నేర్చుకొను వయస్సు గల బిడ్డ బడి వాకిట నిలిచియుండగా, తండ్రి సంచిని తూచి, ఈమె లోపలికి రావచ్చును, ఆమె రాకూడదని చెప్పుట న్యాయమేనా? ప్రజల ధనముతో నడచు చిన్నపిల్లల బడికి ఆదాయపు గీత ఉండవలెనా, ఉండకూడదా? ఈ ప్రశ్నను మీతో కలిసి వాక్యపు వెలుగులో చూడగోరుచున్నాము.

ఈ ప్రశ్నకు లోకములో రెండు విధములైన జవాబులు కలవు. మొదటిది మన పేటలోనే యున్నది. 1975వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన మన దేశమందు 33 బ్లాకులలో సమగ్ర శిశు అభివృద్ధి పథకము ఆరంభమాయెను. దాని కేంద్రమే మనము ఎరిగిన అంగన్‌వాడి. ఆరేండ్ల లోపు బిడ్డలకు ఆహారము, టీకాలు, ఆరోగ్య పరీక్ష, మూడేండ్లు దాటినవారికి ఆటపాటలతో కూడిన చదువు అక్కడ లభించును. గర్భిణులును పాలిచ్చు తల్లులును దానికి చేరినవారే. 2004వ సంవత్సరము అక్టోబరు 7వ తేదీన సుప్రీముకోర్టు ఒక ఉత్తర్వు ఇచ్చెను. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికే అంగన్‌వాడి అను షరతు పెట్టకూడదనియు, షెడ్యూల్డు కులముల, తెగల నివాసములన్నిటిలో సాధ్యమైనంత త్వరగా కేంద్రములు తెరువవలెననియు దానిలో నుండెను. 2006 డిసెంబరు 13న మరల ఆ న్యాయస్థానమే, కేంద్రము లేని చోట 40 మంది పిల్లలున్న పల్లెగాని పేటగాని అడిగినయెడల మూడు నెలల లోపల ఇయ్యవలెనని తీర్పు చెప్పెను. 2013నాటి ఆహార భద్రతా చట్టము ఆ భోజనమును బిడ్డల హక్కుగా చేసెను. కాబట్టి అంగన్‌వాడి గుమ్మమున టీచరమ్మ బిడ్డ వయస్సు అడుగును గాని తండ్రి ఆదాయమును అడుగదు.

రెండవ విధమైన జవాబు అమెరికా దేశములో కలదు. 1965వ సంవత్సరమున అధ్యక్షుడు జాన్సను కాలములో బీద పిల్లల కొరకు ‘హెడ్ స్టార్ట్’ అను పథకము మొదలాయెను. అక్కడ ప్రభుత్వము ఏటేట ప్రకటించు బీదరికపు కొలతను బట్టి కుటుంబపు ఆదాయమును చూతురు. కొలతకు లోపలనున్న బిడ్డకు చోటు కలదు. ఐతే ఇల్లు లేని బిడ్డను, కన్నవారి యొద్ద గాక పెంపుడు సంరక్షణలో నున్న బిడ్డను ఆదాయము అడుగకయే చేర్చుకొందురు. కొలతకు పైనున్నవారిలో నుండియు నూటికి 10 మంది వరకు తీసికొనవచ్చును. గీత గీచినవారే దయ కొరకు అందులో ఒక సందు విడిచిరి. ఆ దేశములోనే ఓక్లహోమా రాష్ట్రము 1998లో వేరొక మార్గము పట్టి, ఆదాయముతో పని లేకుండ నాలుగేండ్ల పిల్లలందరికి బడులు తెరచెను.

ఈ రెండింటిలో ఏది ధర్మము? పరిశుద్ధ గ్రంథమును తెరచి చూచినయెడల మోషే ధర్మశాస్త్రములో రెండును కనబడుచున్నవి. ఇది మమ్మును ఆశ్చర్యపరచినది.

నిర్గమకాండము 30వ అధ్యాయములో ఇశ్రాయేలీయుల జనసంఖ్యను లెక్కించునప్పుడు ప్రతివాడును తన ప్రాణము కొరకు అరతులము చెల్లించవలెనని నియమింపబడెను. ధనవంతుడు ఎక్కువ ఇయ్యకూడదు, బీదవాడు తక్కువ ఇయ్యకూడదు. ఎందుకు? అక్కడ లెక్కింపబడినది ఆస్తి కాదు, ప్రాణము. దేవుని లెక్కలో ఒక ప్రాణము మరియొక ప్రాణముకంటె బరువైనది కాదు.

లేవీయకాండము 12వ అధ్యాయములోనైతే వేరొక పద్ధతి కలదు. బిడ్డను కని శుద్ధి దినములు గడచిన తల్లి గొఱ్ఱెపిల్లను తేవలెను. గొఱ్ఱెపిల్లను తెచ్చు శక్తి లేనియెడల గువ్వల జతనైనను రెండు పావురపు పిల్లలనైనను తేవచ్చును. ఇక్కడ ధర్మశాస్త్రము సంచిని చూచుచున్నది. ఎందుకు? ఇక్కడ మాట మోయవలసిన బరువును గూర్చినది. సమానమైన బరువును అసమానమైన భుజములమీద పెట్టుట సమానత్వము కాదు.

ఐతే ఒక సంగతి గమనించుడి. గొఱ్ఱెపిల్లను తెచ్చిన తల్లికి ఒక గుమ్మము, గువ్వలను తెచ్చిన తల్లికి వేరొక గుమ్మము లేదు. యాజకుడు ఒకడే, ప్రాయశ్చిత్తము ఒకటే. తెచ్చినది వేరు గాని పొందినది వేరు కాదు. ఇందులో నుండి మేము నేర్చుకొనినది ఇదే: ప్రవేశము ప్రాణమును బట్టి యుండవలెను, భారము శక్తిని బట్టి యుండవలెను. బడి వాకిలి అరతులము వంటిది. దాని ఖర్చు గువ్వల జత వంటిది. పన్ను వేయునప్పుడు, రుసుము అడుగునప్పుడు ఆదాయమును చూడుడి. బిడ్డను లోపలికి పిలుచునప్పుడు బిడ్డనే చూడుడి.

ఇది కేవలము తర్కము కాదు. లూకా సువార్త 2వ అధ్యాయములో మన ప్రభువు తల్లిదండ్రులు ఆ బీదల అర్పణతో దేవాలయమునకు వచ్చిరి. ప్రభువు శిశువుగా గీతకు దిగువనున్న యింటి బిడ్డడే. సుమెయోను ఆయనను చేతులలోనికి ఎత్తుకొనెను. ఆ తల్లి చేతిలో నున్నది గొఱ్ఱెపిల్లయా గువ్వలా అని ఆ వృద్ధుడు విచారించినట్లు సువార్తికుడు వ్రాయలేదు. తరువాతి కాలమున తల్లులు తమ బిడ్డలను ప్రభువు నొద్దకు తెచ్చినప్పుడు వాకిట నిలిచి అడ్డగించినవారు పరిసయ్యులు కారు, శిష్యులే. ప్రభువు దానిని చూచి కోపపడెను.

ఇక్కడ మీలో కొందరు న్యాయమైన ప్రశ్న వేయుదురు: “అయ్యగారూ, రొట్టె అందరికి చాలినప్పుడు సరే. చాలనప్పుడు ఏమి చేయవలెను? గీత లేనియెడల బలవంతుడు ముందు వచ్చి బీదవాని ముద్దను తినడా?”

నిజమే. ప్రైవేటు బడులలోని ఉచిత సీట్ల సంగతి అట్టిదే. 2009నాటి విద్యాహక్కు చట్టములోని 12వ సెక్షను ప్రకారము ప్రైవేటు బడులు మొదటి తరగతిలో నూటికి 25 సీట్లకు తక్కువ కాకుండ బలహీన వర్గముల పిల్లలకును, వెనుకకు నెట్టబడిన వర్గముల పిల్లలకును ఇయ్యవలెను. ఒకటవ తరగతికి ముందు నర్సరీ యున్న బడిలో ఆ నియమము నర్సరీకిని వర్తించునని చట్టము చెప్పుచున్నది. ఆ పిల్లల నిమిత్తము ప్రభుత్వము తన బడిలో ఒక పిల్లకు అగు ఖర్చు మేరకు ఆ బడికి సొమ్ము చెల్లించును. నూరింటిలో ఇరువదియైదే యుండగా ఎవరికో ఒకరికి లేదని చెప్పక తప్పదు. మన మొదటి సంఘములోను పట్టిక యుండెను. అపొస్తలుడైన పౌలు తిమోతికి వ్రాయుచు, అరువది యేండ్లకు తక్కువ వయస్సు గల విధవరాలిని పట్టికలో చేర్చవద్దనెను, బంధువులున్నవారిని బంధువులే పోషింపవలెననెను. నిజముగా దిక్కులేనివారికి సంఘము సహాయము చేయగలుగుటకే అట్లు చేసెను. కాబట్టి చాలీచాలని చోట గీత గీయుట పాపమని మేము చెప్పము. కాని ఆ గీత సత్యమైనదిగా నుండవలెను.

సత్యము కాని గీత యెట్లుండునో దేశ రాజధానియైన ఢిల్లీ నగరమున చూడవచ్చును. అక్కడ ఈ ఉచిత సీట్లు నర్సరీ నుండియే కలవు. ఏండ్ల తరబడి గీత సంవత్సరమునకు 1 లక్ష రూపాయల యొద్దనే నిలిచియుండెను. 2023 వచ్చుసరికి ఆ నగరములో ఏ నైపుణ్యమును లేని కూలివానికి చట్టము నిర్ణయించిన కనీస వేతనమే ఏడాదికి 2 లక్షలు దాటుచుండెను. ఆలోచించుడి! చట్టప్రకారము కూలి పొందినవాడు చట్టప్రకారము బీదవాడు కాకపోయెను. నిజము చెప్పిన కూలివాని బిడ్డ వాకిట నిలువవలెను, అబద్ధము చెప్పినవాని బిడ్డ లోపలికి పోవును. అట్టి గీత యథార్థవంతుని అబద్ధమునకు పిలుచు గీత.

ఆ నగరములోనే ఒక తండ్రి తప్పుడు ఆదాయ పత్రముతో కుమారునికి అట్టి సీటు సంపాదించెను. ఏండ్లు గడచిన పిమ్మట సంగతి బయటపడెను. 2023 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ వ్యాజ్యములో తీర్పు చెప్పెను. తండ్రికి 10 లక్షల రూపాయలు చెల్లింపవలెనని విధించెను. కుమారుని మాత్రము వెళ్లగొట్టలేదు. సాధారణ విద్యార్థిగా అక్కడనే చదువుకొననిచ్చెను. ఆ తీర్పులోనే గీతను 1 లక్ష నుండి 2 లక్షల 50 వేలకు జరుపవలెనని ప్రభుత్వమునకు చెప్పెను. తండ్రి దోషమును కుమారుడు మోయడని యెహెజ్కేలు 18వ అధ్యాయములో మనము చదువుదుము. ఆ న్యాయమూర్తి తీర్పులో మూడు సంగతులు వేర్వేరుగా నిలిచినవి: అబద్ధము అబద్ధమే, బిడ్డ నిర్దోషి, గీతయు దిద్దబడవలసినదే. మనమైతే ఒక దానిని పట్టుకొని తక్కిన రెండింటిని విడిచిపెట్టుచున్నాము.

గీత తప్పు గనుక అబద్ధము చెప్పవచ్చునా? చెప్పకూడదు. ప్రభుత్వమునకు నష్టము కలుగునని కాదు. ఆ ఇరువదియైదు సీట్లలో ఒకటి మనము అబద్ధముతో తీసికొనినప్పుడు, మనకంటె బీదయైన యొక బిడ్డ వెనుకకు మరలును. ఆ బిడ్డ ముఖము మనకు కనబడదు. ఆఫీసులో కాగితము మాత్రము కనబడును. కాగితముమీద చేసిన మోసము మనుష్యునికి చేసిన మోసము కాదని సాతాను మనలను నమ్మించుచున్నాడు.

ఇప్పుడు మన పల్లెకు మరల వచ్చెదము. అంగన్‌వాడికి ప్రభుత్వము గీత గీయలేదు. ఐతే మనము గీయలేదా? ఉదయము ఎనిమిది గంటలకు రోడ్డుమీద నిలిచి చూడుడి. నాలుగు రూకలు గలవారి బిడ్డలు టై కట్టుకొని బడి వ్యాను ఎక్కి పట్టణములోని ఎల్.కె.జి.కి పోవుచున్నారు. కూలివారి బిడ్డలు పళ్లెము పట్టుకొని అంగన్‌వాడికి పోవుచున్నారు. ఏ తహసీల్దారును సంతకము పెట్టకయే ఆదాయపు గీత మన వీధి నడుమ గీయబడియున్నది. దాని ఫలితమేమి? గ్రుడ్డు చిన్నదైనను, గది కారుచున్నను, టీచరమ్మకు జీతము ఆలస్యమైనను గట్టిగా అడుగు నోరు అక్కడ లేదు. అడుగగల నోరు గలవారి బిడ్డలు వేరొక చోట నున్నారు. బీదలకు మాత్రమే మిగిలిన వాకిలి త్వరలోనే బీద వాకిలి యగును. వాకిలి అందరిదిగా నుండవలెననుటకు ఇది గొప్ప కారణము. ధనవంతుని బిడ్డకు ఆ గ్రుడ్డు అక్కరలేకపోవచ్చును గాని, బీదవాని బిడ్డకు ఆ ధనవంతుడు తోడు నిలుచుట అక్కర.

ఈ మాట వ్రాయుటకు మాకు సిగ్గు కలుగుచున్నది. మా పిల్లలును ఆ వ్యాను ఎక్కినవారే. అంగన్‌వాడిని గూర్చి ప్రార్థన చేసితిమి గాని మా బిడ్డను అక్కడ కూర్చుండబెట్టలేదు.

మన క్రైస్తవ బడుల సంగతియు తలంచవలెను. 2014 మే నెలలో సుప్రీముకోర్టు, మైనారిటీలు నడుపు బడులకు విద్యాహక్కు చట్టము వర్తింపదని తీర్పు చెప్పెను. 2025లో ఇద్దరు న్యాయమూర్తులు ఆ తీర్పును పెద్ద ధర్మాసనము మరల చూడవలెనని పంపిరి. న్యాయస్థానములు ఏది చెప్పినను, సంఘము వేసికొనవలసిన ప్రశ్న వేరు. చట్టము మనలను ఆ ఇరువదియైదు సీట్ల నుండి విడిపించినదే అనుకొందము. సువార్త మనలను విడిపించినదా? మన తాతలు అక్షరము నేర్చినది మిషను బడులలోనే. వారిలో ననేకుల చేతులలో గువ్వల జతకూడ లేదు.

కాబట్టి ప్రియులారా, మూడు పనులు మన ముందున్నవి. మొదటిది, మన పేట అంగన్‌వాడి మనది అని యెంచుకొనవలెను. బిడ్డ లేనివాడైనను నెలకొకసారి వెళ్లి చూడవలెను, టీచరమ్మతో మాటలాడవలెను, కొరతయున్నయెడల పంచాయతీలో అడుగవలెను. రెండవది, ఆదాయము అడిగిన చోట యథార్థముగా చెప్పవలెను. గీత అన్యాయముగా నున్నయెడల అందరును కలిసి బహిరంగముగా దానిని దిద్దుమని అడుగవలెను గాని, చాటున దానిని దాటకూడదు. మూడవది, గీతకు అడుగు దూరము పైన నిలిచిపోయిన యింటిని సంఘము చూడవలెను. ప్రభుత్వపు గీతకు అంచు తప్పదు. ఆ అంచున నిలిచినవాడు ఉచితమును పొందలేడు, రుసుమును కట్టలేడు. పొలపు అంచులను పూర్తిగా కోయక విడువుమని దేవుడు ఇశ్రాయేలీయులతో చెప్పెను. ఆ అంచున ఏరుకొన వచ్చినవారిని ధృవపత్రము అడుగుమని చెప్పలేదు.

మేస్త్రి సంగతి చెప్పి ముగించెదము. ఆ సీటు ఆయన కుమార్తెకు రాలేదు. కొన్ని ఆదివారములు ఆయన గుడికి రాలేదు. మేము సత్యమును కాపాడితిమని తృప్తిపడితిమి గాని, ఆ బిడ్డ కొరకు ఏమియు చేయలేదు. ఆయన అడిగినది తప్పు, ఆయన అక్కర తప్పు కాదు. లేదని చెప్పిన నోటితోనే “రేపు పెద్దలతో మాటలాడెదము, రుసుములో కొంత సంఘము భరింపగలదేమో చూతము” అని యెందుకు అనలేదు? ఆ మాట ఆ రాత్రి మా నోట రాలేదు.

కోతల పండుగ దినమున ఆయన వచ్చెను. భుజముమీద అర బస్తా బియ్యము. వెనుక ఆ బిడ్డ చేతిలో ఒక గుమ్మడికాయ. బల్ల యొద్దకు వచ్చి ఇద్దరును తమ కానుకను దించిరి. ఎవరు ఎంత సంపాదించుచున్నారని ఆ దినమున ఎవరును అడుగలేదు. మేము ఆ కానుకమీద చేయి ఉంచి ప్రార్థింపబోగా మాట గొంతులో ఆగిపోయెను. ఆ సాయంకాలము వారి యింటికి వెళ్లి క్షమాపణ అడిగితిమి. తరువాతి వారము పెద్దల కూటములో బిడ్డల చదువు నిమిత్తము ఒక చిన్న పెట్టె పెట్టుటకు తీర్మానమాయెను. పెట్టె చిన్నదే. ఇంకను నిండలేదు.

ప్రార్థన: బీద తల్లి చేతులలో ఆలయమునకు వచ్చిన ప్రభువా, వాకిట నిలిచిన బిడ్డలను అడ్డగించిన శిష్యులలో మమ్మును ఉండనియ్యకుము. మా నోటిలో సత్యమును, మా చేతిలో దయను కలిపి యుంచుము. ఆమేన్.